ఆవిరికి లెక్క కట్టినవాడు

యాంగాన్ నగరం నుంచి తూర్పుకు వెళ్లి పజౌండాంగ్ వాగు మీది వంతెన దాటితే తాకేటా వస్తుంది. 1959లో నగరం కిక్కిరిసిపోయినప్పుడు అప్పటి బర్మా ప్రభుత్వం కొత్తగా వెలయించిన శివారు పట్టణం ఇది. ఇప్పుడు ఇక్కడ గ్యాస్‌తో నడిచే విద్యుత్ కేంద్రాలున్నాయి. గ్యాస్ టర్బైన్‌లోంచి బయటికొచ్చే వేడిని వృథా పోనివ్వకుండా దానితోనే నీళ్లు మరిగించి, ఆ ఆవిరితో ఇంకో టర్బైన్ తిప్పే పద్ధతి ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. 2018లో మొదలైన 106 మెగావాట్ల కేంద్రమూ అలాంటిదే.

ఆ వాగుకు అవతలి ఒడ్డు మన తెలుగువాళ్లకు ఇంకా బాగా తెలుసు. బ్రిటిష్ కాలంలో పజౌండాంగ్ ఒడ్డున బియ్యం మిల్లులు బారులు తీరి ఉండేవి. ఊక పోసి బాయిలర్లు మండించేవారు, ఆ ఆవిరితో మిల్లులు ఆడేవి. బస్తాలు మోసినవాళ్లలో, పొయ్యిల దగ్గర చెమటోడ్చినవాళ్లలో గోదావరి, విశాఖ, గంజాం జిల్లాలవాళ్లు ఎందరో. కోరంగి రేవు పేరు మీదుగా రంగూన్‌లో తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనేవారు. మా ముత్తాత కూడా ఆ కోరంగీల్లో ఒకడు. విశాఖపట్నంలో స్టీమరెక్కి వచ్చి, ఇక్కడి మిల్లులో పదేళ్లు పనిచేశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఏ మిల్లు, ఏ సంవత్సరం అంటే మాత్రం ఎవరికీ తెలియదు.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. ఎంఎస్ తర్వాత మనలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేశాను. సింగపూర్‌లో ఉద్యోగం. ఫ్యాక్టరీల బాయిలర్లు ఎంత ఇంధనం తింటున్నాయో, ఎంత ఆవిరి ఇస్తున్నాయో లెక్కగట్టే ప్రోగ్రాములు రాస్తాం. ఆ పని మీదే కొన్ని వారాలు యాంగాన్ వచ్చి, తాకేటాలో ఒక తెలుగు కుటుంబం ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉన్నాను.

పని చేస్తున్న చోట ఒక చిక్కు వచ్చింది. మా ప్రోగ్రాం చూపించే ఆవిరి ఉష్ణోగ్రతకూ, బాయిలర్ దగ్గరి థర్మామీటర్ చూపించేదానికీ నాలుగు డిగ్రీల తేడా. మూడు రోజులు వెతికాం. చివరికి దొరికింది ఏమిటంటే, మా పాత సహోద్యోగి ఎవరో ఎప్పుడో ఒక పట్టికను చేత్తో టైపు చేసి ప్రోగ్రాంలో పెట్టారు. అది ఏ పుస్తకంలోదో రాయలేదు. పీడనం గేజీ రీడింగా, లేక బయటి గాలి పీడనం కూడా కలిపినదా అన్నదీ రాయలేదు. పట్టికలో పది బార్ దగ్గర ఉన్న ఉష్ణోగ్రత 180 డిగ్రీలు. గేజీ పది చూపిస్తే అసలు పీడనం పదకొండు, దానికి తగ్గ ఉష్ణోగ్రత 184. తేడా అక్కడుంది.

ఆ రాత్రి నిద్రపట్టక ఒక ప్రశ్న వేసుకున్నాను. ఇంజినీరింగ్‌లో పరీక్ష హాల్లోకి స్టీమ్ టేబుల్స్ పుస్తకం తీసుకెళ్లనిచ్చేవారు. ఖుర్మీ పుస్తకం చేతిలో పట్టుకుని గబగబా పేజీలు తిప్పినవాళ్లు ఈ పేజీ చదివేవారిలో ఎంతోమంది ఉంటారు. ఆ అంకెలను మొదట ఎవరు కొలిచారు? దేవుడిచ్చినట్టు వాటిని నమ్మాం గానీ, ఆ మనిషి పేరు అడగలేదు.

ఆ మనిషి పేరు ఆన్రీ విక్టర్ రెన్యో. మన పాఠ్యపుస్తకాల్లో హైగ్రోమీటర్ పాఠంలో రెగ్నాల్ట్ అని చదివాం, ఆయనే ఈయన.

అనాథగా పారిస్‌కు

రెన్యో 1810 జులై 21న ఆహెన్ పట్టణంలో పుట్టాడు. ఇప్పుడది జర్మనీలో ఉంది, అప్పట్లో నెపోలియన్ ఏలుబడిలో ఉండేది. తండ్రి నెపోలియన్ సైన్యంలో అధికారి. 1812లో రష్యా మీదికి వెళ్లిన ఆ సైన్యంతో పాటు వెళ్లి తిరిగి రాలేదు. తర్వాత తల్లి కూడా పోయింది. ఎనిమిదేళ్లకే ఆ పిల్లవాడు తల్లీదండ్రీ లేనివాడయ్యాడు.

పారిస్ చేరి ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. పద్దెనిమిదేళ్ల దాకా అదే జీవనం. పనిలోంచి మిగుల్చుకున్న సమయంలో చదువుకుని, 1830లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో సీటు సంపాదించాడు. మన ఐఐటీ లాంటి పేరున్న విద్యాసంస్థ అది. తర్వాత గనుల విద్యాలయంలో చదివి, జర్మనీలో గీసెన్ వెళ్లి ఆ కాలపు గొప్ప రసాయన శాస్త్రవేత్త లీబిగ్ దగ్గర పనిచేశాడు.

మొదట రెన్యో రసాయన శాస్త్రవేత్తే. 1835లో వినైల్ క్లోరైడ్ అనే పదార్థాన్ని తయారుచేశాడు. మన ఇళ్లలో కుళాయిలకు వేసే పీవీసీ గొట్టాలకు మూలపదార్థం అదే. గొట్టాల పరిశ్రమ వచ్చింది చాలా కాలానికి. ముప్పై ఏళ్లకే పాలిటెక్నిక్‌లో గేలుసాక్ స్థానంలో రసాయన శాస్త్ర ఆచార్యుడు అయ్యాడు. అదే 1840లో ఫ్రెంచి సైన్సు అకాడమీ సభ్యత్వం. మరుసటి ఏడు కొలేజ్ ద ఫ్రాన్స్‌లో భౌతిక శాస్త్ర ఆచార్య పదవి. బట్టల దుకాణం వదిలి అప్పటికి పుష్కరం దాటింది, అంతే.

వాట్ చెప్పిందా, సదర్న్ చెప్పిందా?

అప్పుడు యూరప్ అంతా రైళ్ల వెర్రిలో ఉంది. ఆవిరి యంత్రాలు ఎక్కడపడితే అక్కడ నిలుస్తున్నాయి. కానీ యంత్రం కట్టేవాడికి కావలసిన అసలు అంకెలు ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉండేవి.

ఉదాహరణకు ఒక చిన్న ప్రశ్న. కిలో నీటిని ఆవిరి చేయడానికి ఎంత వేడి కావాలి? పీడనం పెరిగితే ఆ వేడి పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? నీటిని సున్నా డిగ్రీల నుంచి వేడెక్కించి ఆవిరిగా మార్చడానికి పట్టే మొత్తం వేడి ఏ పీడనంలోనైనా ఒకటే అని జేమ్స్ వాట్ నమ్మాడు. కాదు, మరిగే నీరు ఆవిరి కావడానికి పట్టే గుప్తోష్ణం మాత్రమే మారకుండా ఉంటుందని సదర్న్ చెప్పాడు. ఇంజినీర్లు ఎవరికి నచ్చినదాన్ని వాళ్లు వాడుకున్నారు. లెక్క తప్పితే బొగ్గు వృథా, ఇంకా తప్పితే బాయిలర్ పేలి మనుషులు పోతారు.

1840ల మొదట్లో ఫ్రాన్స్ ప్రజాపనుల మంత్రిత్వ శాఖ రెన్యోకు ఒక పని అప్పగించింది. ఆవిరి యంత్రాలకు కావలసిన అంకెలన్నిటినీ మొదటినుంచి మళ్లీ కొలవాలి. ప్రభుత్వం డబ్బు పెడుతుంది. రెన్యో ఆ పనిని దాదాపు ముప్పై ఏళ్లు చేశాడు. ఫలితాలు మూడు పెద్ద సంపుటాలుగా 1847లో, 1862లో, 1870లో వచ్చాయి.

వాట్ తప్పు, సదర్న్ కూడా తప్పు అని తేలింది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ మొత్తం వేడి నెమ్మదిగా పెరుగుతుంది, గుప్తోష్ణం తగ్గుతుంది. రెన్యో ఇచ్చిన సూత్రం చాలా చిన్నది. ఉష్ణోగ్రతను 0.305తో గుణించి 606.5 కలిపితే, కిలో ఆవిరికి పట్టే మొత్తం వేడి కిలోకేలరీల్లో వస్తుంది. మా బాయిలర్ పట్టికలోని 180 డిగ్రీలకు వేసి చూశాను. 661 వచ్చింది. ఇప్పటి అంతర్జాతీయ పట్టికలో ఉన్నది 663. కరెంటు బల్బు కూడా లేని రోజుల్లో కొలిచిన అంకె, నూట డెబ్బై ఏళ్ల తర్వాత తేడా వెయ్యికి మూడు.

కొలిచే పనిముట్టునే అనుమానించాడు

అంత దగ్గరగా ఎలా కొలిచాడు? ముందుగా థర్మామీటర్నే అనుమానించాడు. రెండు రకాల గాజుతో చేసిన పాదరసం థర్మామీటర్లు తీసుకున్నాడు. సున్నా దగ్గరా నూరు దగ్గరా రెండూ ఒకటే చూపిస్తాయి. అక్కడే గుర్తులు పెట్టారు కాబట్టి ఆశ్చర్యం లేదు. నూరు దాటి వేడెక్కిస్తే మాత్రం చెరొక అంకె చూపించాయి. పాదరసంతో పాటు గాజు కూడా వ్యాకోచిస్తుంది, ఒక్కో గాజు ఒక్కో తీరుగా. ఒకే ఉష్ణోగ్రతకు రెండు జవాబులిచ్చే పనిముట్టు పనికిరాదని నిర్ణయించి, గాలి థర్మామీటర్‌ను ప్రమాణంగా తీసుకున్నాడు. గాలి గాజుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి గాజు వల్ల వచ్చే తేడా దాదాపు లెక్కలోకి రాదు.

వాయువులకు సంబంధించి అంతవరకూ వేదవాక్కుల్లా ఉన్న నియమాలనూ వదల్లేదు. సున్నా నుంచి నూరు డిగ్రీలకు వేడెక్కితే గాలి తన పరిమాణంలో 0.375 వంతు పెరుగుతుందని గేలుసాక్ చెప్పాడు. తాను ఎవరి కుర్చీలో కూర్చున్నాడో ఆ పెద్దాయన అంకె అది. రెన్యో కొలిస్తే 0.3665 వచ్చింది. అన్ని వాయువులూ ఒకేలా వ్యాకోచిస్తాయన్నదీ సరిగ్గా నిజం కాదని, పీడనం రెట్టింపైతే పరిమాణం సగమవుతుందన్న బాయిల్ నియమం కూడా ఉజ్జాయింపేనని చూపించాడు. ఎక్కువ పీడనాలు కొలవడానికి కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఇరవై మీటర్లకు పైగా ఎత్తుకు పాదరసపు గొట్టం నిలబెట్టాడు. సుమారు 230 డిగ్రీల దాకా నీటి ఆవిరి పీడనాన్ని కొలిచాడు.

ఆయన పద్ధతిలో నాకు బాగా నచ్చినవి రెండు. ప్రయోగంలో ఒక పొరపాటుకు చోటుందని తెలిస్తే, కాగితం మీద ఇంత తీసేద్దాం, అంత కలుపుదాం అని సరిపెట్టేవాడు కాదు. ఆ పొరపాటుకు చోటే లేకుండా పరికరాన్ని మళ్లీ కట్టేవాడు. రెండోది, చివరి అంకె ఒక్కటే అచ్చేయలేదు. పరికరం బొమ్మ, కొలిచిన తీరు, వరుసగా రీడింగులు అన్నీ ఇచ్చాడు. అందువల్ల తర్వాతివాళ్లు ఆయన రీడింగులనే తీసుకుని తిరిగి లెక్కగట్టగలిగారు.

సిద్ధాంతాల మీద మాత్రం ఆయనకు మోజు లేదు. ఆ లోటు ఇతరులు తీర్చారు. 1845లో ఇరవై ఏళ్ల విలియం థామ్సన్ కేంబ్రిడ్జి చదువు ముగించుకుని పారిస్ వచ్చి, కొంతకాలం రెన్యో ప్రయోగశాలలో చేయి వేశాడు. తర్వాత ఆ కుర్రాడే లార్డ్ కెల్విన్ అయ్యాడు. 1849లో కార్నో సిద్ధాంతం మీద అతను రాసిన వ్యాసానికి ఆధారం రెన్యో అంకెలే. ర్యాంకిన్, క్లౌజియస్ కూడా వాటినే వాడుకున్నారు. మన కాలేజీల్లో చదివే థర్మోడైనమిక్స్‌కు ఆ అంకెలు ఒక ముఖ్యమైన ఆధారం. లండన్ రాయల్ సొసైటీ 1848లో రమ్‌ఫర్డ్ పతకం, 1869లో కోప్లీ పతకం ఇచ్చి గౌరవించింది.

సెవ్ర్‌లో ఇల్లు

1850ల్లో పారిస్ పక్కనే ఉన్న సెవ్ర్ పింగాణీ కర్మాగారానికి రెన్యోను సంచాలకుడిగా వేశారు. అక్కడే కాపురం, అక్కడే ఇంకో ప్రయోగశాల. ఫొటోగ్రఫీ అంటే ప్రాణం. ఆ కళ ఇంకా పసిదిగా ఉన్న రోజుల్లో ఫ్రెంచి ఫొటోగ్రఫీ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. సెవ్ర్ పరిసరాలనూ ఇంటివాళ్లనూ తీసిన ఫొటోలు ఈనాటికీ మ్యూజియంలలో ఉన్నాయి. 1856లో పడిపోయి తలకు పెద్ద దెబ్బ తగిలింది. కోలుకుని మళ్లీ పనిలో పడ్డాడు. 1860ల్లో పారిస్‌లో వేసిన పొడవాటి గొట్టాల్లో ధ్వని వేగం కూడా కొలిచాడు.

కొడుకు పేరూ ఆన్రీయే. తండ్రికి సైన్సు ఎలాగో కొడుక్కి రంగులు అలాగ. 1866లో చిత్రకారులకిచ్చే రోమ్ బహుమతి గెలుచుకున్నాడు. 1870లో అతను ప్రదర్శనకు పెట్టిన సలోమే చిత్రం ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆ ఊళ్లో ఉండే మనవాళ్లు ఒక ఆదివారం వెళ్లి చూడవచ్చు.

1871 జనవరి 19

1870 వేసవిలో ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ యుద్ధం మొదలైంది. రోమ్ బహుమతి పొందినవాళ్లకు సైనిక సేవ నుంచి మినహాయింపు ఉంది. కొడుకు అప్పుడు మొరాకోలో ఉన్నాడు. అక్కడే ఉండిపోతే అడిగేవాళ్లు లేరు. అయినా పారిస్ వచ్చి సైన్యంలో చేరాడు. పారిస్ ముట్టడి చివరి రోజుల్లో, 1871 జనవరి 19న బ్యూజెన్‌వాల్ దగ్గర జరిగిన పోరులో తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. వయసు ఇరవై ఏడు. పది రోజులు గడవకముందే యుద్ధవిరామం వచ్చింది.

సెవ్ర్ శత్రుసైన్యం చేతిలో ఉంది. యుద్ధం ముగిశాక ప్రయోగశాల పరిస్థితి బయటపడింది. రెన్యో మిత్రుడు, రసాయన శాస్త్రవేత్త డ్యూమా తర్వాత చెప్పినదాన్ని బట్టి, గుమ్మంలో నిలబడి చూస్తే గదిలో ఏమీ మారినట్టు లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే ఏదీ మిగల్లేదు. థర్మామీటర్లు విరిచేశారు. బారోమీటర్ గొట్టాలు పగలగొట్టారు. సున్నితమైన త్రాసులను పనికిరాకుండా చేశారు. ఫిరంగి గుండు పడి ధ్వంసం కాలేదు. ఏది ఎక్కడ విరిస్తే ఇక బాగుపడదో తెలిసినవాడు ఓపిగ్గా చేసిన పని అది. అన్నిటికంటే పెద్ద నష్టం నోటుపుస్తకాలు. వాయువుల మీద ఏళ్ల తరబడి చేసి, ఇంకా అచ్చుకు ఇవ్వని వందలాది పరిశీలనలు కాలిపోయాయి. వాటికి రెండో ప్రతి లేదు.

తండ్రిని యుద్ధం తీసుకుపోతే బతుకు మొదలుపెట్టినవాడికి, అరవై ఏళ్ల వయసులో ఇంకో యుద్ధం కొడుకునూ పనినీ ఒకేసారి తీసుకుపోయింది. అంకెలు మళ్లీ కొలవవచ్చు, ఆ మాట ఆయనకు తెలియనిది కాదు. కానీ ప్రయోగశాలను మళ్లీ నిలబెట్టలేదు. ఆరోగ్యం దెబ్బతింది. 1878 జనవరి 19న కన్నుమూశాడు. కొడుకు పోయి సరిగ్గా ఏడేళ్లు, అదే తేదీ.

అచ్చయినవి మిగిలాయి

కాలిపోయినవి ఏమిటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అచ్చయినవి మాత్రం ప్రపంచమంతా తిరిగాయి. రెన్యో అంకెలతోనే రెండు తరాల ఇంజినీర్లు బాయిలర్లు, ఓడల యంత్రాలు కట్టారు. పజౌండాంగ్ మిల్లుల ఇంజన్లూ, మా ముత్తాత ఎక్కిన స్టీమర్‌లాంటివీ ఆ లెక్కల వారసత్వంలోవే. ఈఫిల్ టవర్ చుట్టూ చెక్కిన 72 మంది పేర్లలో ఆయన పేరు కూడా ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో టర్బైన్ల పీడనాలు, ఉష్ణోగ్రతలు రెన్యో కొలిచిన హద్దులు దాటిపోయాయి. ఒక్కో దేశం ఒక్కో పట్టిక అచ్చేసుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు 1929లో లండన్‌లో అన్ని దేశాలవాళ్లూ కూర్చుని, ఉమ్మడి స్టీమ్ టేబుల్స్ కోసం మొదటి సమావేశం జరిపారు. ఆ పరంపరే నేటి అంతర్జాతీయ నీరు, ఆవిరి సంఘం. 1997లో ఆ సంఘం ఆమోదించిన సమీకరణాలే ఇప్పుడు విద్యుత్ కేంద్రాల లెక్కలకు ప్రమాణం. అమెరికాలోని నిస్ట్ సంస్థ నీటికే కాక ఫ్రిజ్‌లో వాడే వాయువుల నుంచి సహజవాయువు దాకా ఎన్నిటికో సాంద్రత, ఎంథాల్పీ, స్నిగ్ధత, ఉష్ణవాహకత లాంటి విలువలు ఇస్తుంది. వీటన్నిటిలోనూ రెన్యో అలవాటు ఒకటి కనిపిస్తుంది. అంకె ఒక్కటే ఇచ్చి ఊరుకోరు. ఎవరి కొలతల మీద ఆధారపడింది, ఎంతవరకు నమ్మవచ్చు, ఏ హద్దుల్లో వాడాలి అన్నది పక్కనే ఉంటుంది.

మా ప్రోగ్రాంలోంచి ఆ అనామక పట్టికను తీసేసి, 1997 సమీకరణాలు పెట్టాం. ప్రతి విలువ పక్కన అది ఎక్కడిదో, ఏ కొలమానంలో ఉందో ఒక వరుస రాశాను. నాలుగు డిగ్రీల తేడా పోయింది.

తాకేటాలో నేనున్న ఇంటి మామ్మగారికి ఎనభై దాటాయి. ఆవిడ తెలుగులో బర్మా మాటలు కలిసిపోయాయి గానీ, వంకాయ కూరకు, వావి వరసలకు తెలుగే వాడుతుంది. వాళ్ల నాన్న పజౌండాంగ్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేశాడట. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు చుట్టాల్లో చాలామంది నడిచి ఇండియా దారిపట్టారట. వీళ్లు మాత్రం ఉండిపోయారు. ఇవన్నీ నేను ఊరికే విని ఊఁ కొట్టేవాణ్ని. రెన్యో కథ చదివాక ఒక నోటుపుస్తకం కొన్నాను.

ఇప్పుడు సాయంత్రాలు ఆవిడ చెబుతుంటే రాసుకుంటున్నాను. మిల్లు పేరు, ఊరి పేరు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఆవిడ కళ్లతో చూసిందా, వాళ్లమ్మ చెబితే విన్నదా అన్నది పక్కన రాస్తున్నాను. తేదీ వేస్తున్నాను. ప్రతి పేజీ ఫొటో తీసి ఒక ప్రతి సింగపూర్‌కు, ఇంకో ప్రతి శ్రీకాకుళంలో మా చెల్లెలికి పంపుతున్నాను. మా ముత్తాత గురించి ఇలా రాసిపెట్టినవాళ్లు ఎవరూ లేరు. అమ్మానాన్నలు ఊళ్లో ఉన్నవాళ్లు ఈ వారం ఫోన్ చేసినప్పుడు ఒక ప్రశ్న అడిగి, జవాబు రాసిపెట్టుకోండి.